మూల దగ్గర ఆగని అంకె

పై అంతస్తు, లైబ్రరీ చదువుకునే గది
నోటీసు పడిన నాలుగో రోజు

ఒరేయ్ తమ్ముడూ,

నేను పైన బాగానే ఉన్నాను. కింద ఎలా ఉంటానో చెప్పలేను, ఎందుకంటే నన్ను కిందికి రానివ్వడం లేదు.

సోమవారం మధ్యాహ్నం నేను పై గదిలో పుస్తకాలు సర్దుకుంటుంటే, కింద మెట్ల దగ్గర ఎవరో గోడకి జిగురు పూస్తున్న చప్పుడైంది. తొంగి చూస్తే మున్సిపాలిటీలో నోటీసులు అంటించే ఆయన. ‘ఈ ఇనప మెట్ల బలం లెక్క తేలేవరకు వీటిని ఎవరూ ఎక్కరాదు, దిగరాదు’ అని పెద్ద కాగితం. “ఏమండీ, నేను పైనే ఉన్నానండీ!” అని అరిచాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నోటీసు ఇంకోసారి నిదానంగా చదువుకున్నాడు. “ఎక్కకూడదు, దిగకూడదు అని ఉందమ్మా. ఉండకూడదు అని లేదు. మీరు రూలు ప్రకారమే ఉన్నారు,” అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

గబగబా దిగి వచ్చెయ్యొచ్చు కదా అంటావు. ఇరవై రెండేళ్ళుగా ‘నిశ్శబ్దం’ బోర్డు కింద కూర్చుని, గుసగుసలాడిన వాళ్ళందర్నీ చెయ్యి పట్టుకుని బయటికి పంపించినదాన్ని. ఇప్పుడు గోడ మీది కాగితాన్ని కాదని నేనే దిగితే రేపటినుంచి నా మాట ఎవడు వింటాడు?

నాతోపాటు పళ్ళ డాక్టరు గారు కూడా చిక్కుకుపోయారు. పాపం, పది నిమిషాలు పేపరు చదువుకుందామని ఎక్కారు. కుళాయి, బాత్రూము పైనే ఉన్నాయి కాబట్టి పరువుగానే గడుస్తోంది. మీ బావ రోజూ టైలరు షాపు మూసి, క్యారియర్ బుట్టలో పెట్టి తాడు కడుతున్నారు, నేను కిటికీలోంచి లాగుతున్నాను. ఫైర్ వాళ్ళని పిలిస్తే నిచ్చెన తెచ్చారు. కానీ నిచ్చెన ఆనించే గోడకి కూడా బలం లెక్క కావాలట. ఆ లెక్క మీ ఆఫీసులోనే వరసలో రెండువందల పన్నెండో నంబరున ఉందట.

మెట్ల ఫైలు కూడా మీ ఆఫీసుకే వచ్చిందని విన్నాను. కాస్త తొందరగా తేల్చరా.

నీ అక్క

*

బలం లెక్కల విభాగం, కిటికీ లేని గది
రెండో మెష్ పూర్తయిన రోజు

అక్కకి,

నీ ఫైలు నా బల్ల మీదే ఉంది. మా పెద్దాయన స్వయంగా తెచ్చి ఇచ్చి, “సొంత అక్క కదా, శ్రద్ధగా చేస్తావు,” అన్నారు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ మేం చేసే పని నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మెట్లన్నిటినీ ఒకేసారి లెక్క కట్టడం మనిషి తరం కాదు. అందుకని కంప్యూటర్‌లో మెట్ల బొమ్మని చిన్నచిన్న ముక్కలుగా కోస్తాం. గళ్ళగళ్ళుగా కనిపిస్తుంది, దాన్నే మెష్ అంటాం. ప్రతి ముక్కనీ “నీ మీద ఎంత ఒత్తిడి పడుతోంది?” అని అడిగి, అన్నీ కలిపితే మెట్ల సంగతి తెలుస్తుంది. ఇలా ముక్కలు చేసి కట్టే లెక్కని ఫైనైట్ ఎలిమెంట్ లెక్క అంటారు.

మొదటి మెష్‌లో అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి అరవై వచ్చింది. ఆ ఇనుము నూట నలభై దాకా ఓర్చుకుంటుంది. నేను ఎగిరి గంతేశాను. కానీ పెద్దాయన ఒప్పుకోలేదు. “ఒక్కసారి వచ్చిన జవాబు జవాబు కాదు. ముక్కలు సగానికి తగ్గించి మళ్ళీ అడుగు. అంకె మారకపోతే నమ్ము. మారితే ఇంకా తగ్గించు,” అన్నారు. మాటకి అది న్యాయమే. ముక్కలు పెద్దవైతే లెక్కలో తప్పు ఎక్కువ, చిన్నవవుతున్నకొద్దీ తప్పు తగ్గి, అంకె ఒకచోట కుదురుకోవాలి.

రెండోసారి ఎనభై రెండు వచ్చింది. ఫరవాలేదు, మూడోసారికి కుదురుతుంది. రెండు వారాల్లో నిన్ను దింపేస్తాను. బావగారికి నమస్కారాలు.

తమ్ముడు

*

పై గది
ఇరవై మూడో రోజు

ఒరేయ్,

అరవై ఎనభై రెండు ఎలా అయిందిరా? ఈ మధ్యలో మెట్లమీద ఎవరూ కాలు పెట్టలేదు. నేను లావెక్కానేమో అనుకుంటే, నేను మెట్లమీదే లేనాయె.

ఇక్కడి సంగతులు. డాక్టరు గారి పేషెంట్లు నాలుగు రోజులు ఓపిక పట్టి, అయిదో రోజు నుంచి వీధిలోకి వచ్చేశారు. కిటికీ కింద వరసగా నిలబడి నోళ్ళు తెరుస్తారు. ఆయన బుట్టలో తెప్పించుకున్న దుర్భిణీతో పైనుంచి చూసి, “రెండో ఆయనా, ఎడమ దవడ! ఇంకా తెరవండి! సూర్యుడి వైపు తిరగండి!” అంటారు. మందు చీటీ బుట్టలో దిగుతుంది. పీకాల్సినవి మాత్రం వాయిదా వేస్తున్నారు. నిన్న ఒకావిడ, నొప్పి తట్టుకోలేక, “దారం పైకి వేస్తాను, మీరు లాగండి డాక్టరు గారూ,” అంది. ఆయన కాసేపు ఆలోచించారు కూడా.

మీ బావ కిందనుంచే కంటి కొలత తీసి నాకు ఇంట్లో వేసుకునే గౌను కుట్టి పంపారు. పొడుగు సరిపోలేదు. పైన ఉన్నదాన్ని కింద నుంచి చూస్తే అలాగే ఉంటుంది మరి. రోజూ సాయంత్రం ఒక పావుగంట కిటికీ కింద నిలబడతారు. ఇంట్లో పదిహేనేళ్ళుగా పేపరు అడ్డం పెట్టుకుని మాట్లాడే మనిషి, ఇప్పుడు తలెత్తి నా మొహం చూసి మాట్లాడుతున్నారు. బావుందనిపించింది, సిగ్గు లేకుండా నీకు రాస్తున్నాను. కానీ ఆయన మెడ పట్టేసింది.

అన్నట్టు, ఈ మెట్లు కిర్రుమంటున్నాయని అర్జీ పెట్టిన మహానుభావుడు ఎవరో కాస్త కనుక్కో. కిందికి దిగగానే వెళ్ళి పలకరించాలని ఉంది.

అక్క

*

బలం లెక్కల విభాగం, అదే గది, లైటు లేకుండా
నాలుగో మెష్ తర్వాత

అక్కకి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మూడో మెష్ నూట పదమూడు. నాలుగోది నూట యాభై నాలుగు.

ముక్కలు చిన్నవయ్యేకొద్దీ వాటి సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. మొదటి లెక్క టీ తాగేలోపు అయింది. రెండోది ఒక పూట, మూడోది మూడు రోజులు, నాలుగోది మూడు వారాలు పట్టింది. కరెంటంతా కంప్యూటర్‌కే కావాలని పెద్దాయన మా ఫాన్లు, లైట్లు ఆపించారు. అది వేడెక్కకుండా అటెండరూ నేనూ వంతులవారీగా విసురుతున్నాం. క్యాంటీను కూడా ఖాళీ చేయించి అందులో ఇంకో రెండు మెషీన్లు పెట్టారు. పెద్దాయన మాత్రం భలే హుషారుగా ఉన్నారు. ప్రతి మెష్‌నీ రంగుల్లో అచ్చు వేయించి ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తున్నారు. “ఇంత సన్న గళ్ళు ఈ దేశంలో ఎవరూ వెయ్యలేదోయ్,” అని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నారు. అంకె నూట నలభై దాటింది సార్ అంటే, “అంకె సంగతి తర్వాత, గళ్ళు చూడు,” అంటారు.

చిత్రం ఏమిటంటే, మెట్లు ఎంత వంగుతాయన్న లెక్క ఎప్పుడో కుదురుకుంది. మూడు మిల్లీమీటర్ల చిల్లర, అంతకి మించి కదలడం లేదు. మిగతా మెట్లన్నీ, రెయిలింగుతో సహా, మంచిగా ఉన్నాయి. మెట్లని పై అంతస్తు దూలానికి పట్టి ఉంచే ఇనప బ్రాకెట్ ఉంది చూడు, దాని లోపలి మూల ఒక్కటే మాట వినడం లేదు.

అర్జీ ఎవరిదో రికార్డులో సరిగ్గా కనిపించడం లేదు. వెతుకుతాను.

తమ్ముడు

*

పై గది
డెబ్భై ఒకటో రోజు

తమ్ముడూ,

నీ నూట యాభై నాలుగు నిజమైతే ఈ మెట్లు ఈపాటికి వీధిలో పడి ఉండాలి. నిలబడే ఉన్నాయి. కింద నుంచి ఒక పిల్లి రోజూ రెండుసార్లు వస్తోంది, నా క్యారియర్‌లో మిగిలింది తిని దిగి వెళ్ళిపోతోంది. దానికి చదువు రాదు, హాయిగా ఉంది.

ఇంక చాలు. నోటీసు కింద అర్జీ నకలు కూడా అంటించారురా. దుర్భిణీ పెట్టి చూశాను. నీకు అక్షరాలు దిద్దించింది నేను. నీ చేతిరాత నాకు తెలియదనుకున్నావా? తేదీ చూస్తే నువ్వు నన్ను చూడ్డానికి వచ్చి వెళ్ళిన మర్నాడు. ఇరవై మూడో రోజునే చూశాను. నువ్వే చెప్తావని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

నీ లెక్కల్లో నువ్వు ఇంకా ఏదో దాస్తున్నావు. అదేదో చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

అక్క

*

అదే గది
అయిదో మెష్ తర్వాత

అక్కా,

అర్జీ నాదే. ఆ రోజు నీ దగ్గరికి వస్తూ మెట్లెక్కుతుంటే తొమ్మిదో మెట్టు కిర్రుమంది. నువ్వు రోజుకి ఇరవైసార్లు దానిమీద తిరుగుతావని గుర్తొచ్చింది. తిరిగి వచ్చాక కూడా ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు. నీకేమీ కాకూడదని అర్జీ పెట్టాను, తీరా చూస్తే నిన్నే పైన పెట్టి తాళం వేసినట్టయింది. చెప్పడానికి మొహం చెల్లలేదు.

రెండో సంగతి ఇంకా అధ్వాన్నం. ఆ మూల దగ్గర అంకె ఎప్పటికీ ఆగదు. మూడో మెష్‌కే నాకు ఆ అనుమానం గట్టిపడింది. ప్రతిసారీ ముందుదానికి మూడోవంతు పైచిలుకు పెరుగుతోంది, చూడు, ఎక్కడా తగ్గడం లేదు. తప్పు తగ్గుతూ వచ్చే లెక్క అలా నడవదు. డ్రాయింగులో ఆ మూల సూదిలా ఉంది. సూదిలాంటి లోపలి మూల దగ్గర, లెక్క ప్రకారం, ఒత్తిడికి అంతు అనేదే ఉండదు. ఎంత సన్నగా చూస్తే అంత ఎక్కువ కనిపిస్తుంది. అయిదోసారి నూట అరవై కాదు, నూట ఎనభై కాదు, రెండువందల పదకొండు. అది కూడా మూల ఒక్కదాన్నే కోసి చేశాం కాబట్టి ఇప్పటికి తేలింది, లేకపోతే నువ్వు పైనే రిటైరయ్యేదానివి.

మరి తెలిసి ఎందుకు ఊరుకున్నానంటావా? అంకె కుదిరితే సంతకం పెట్టాలి. కుదరనంత కాలం పెట్టనక్కర్లేదు. పధ్నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను సంతకం పెట్టింది నా సెలవు చీటీల మీదే. ఈ కాగితం మీద పెడితే దాన్ని నమ్మి కాలు పెట్టేది నువ్వు. నాకు భయం వేసింది అక్కా. పెద్దాయన ఆరో మెష్ వెయ్యమంటే సంతోషంగా తల ఊపాను.

ఇప్పుడు తిట్టు.

తమ్ముడు

*

పై గది
ఎనభై నాలుగో రోజు, పార్సిల్‌తో సహా

ఒరేయ్ సన్నాసీ,

తిట్లు విడిగా పంపిస్తాను, ఈ కాగితం చాలదు. ముందు పని చూడు.

నీ ఉత్తరం చదివి పై గడప దాటకుండా నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాను. నువ్వు చెప్పిన బ్రాకెట్ అందింది. ఆ లోపలి మూలలో వేలు పెట్టాను. సూది లేదు, గీది లేదు. నా బొటనవేలు మెత్తగా ఇమిడిపోయింది. గిన్నె అంచులా గుండ్రంగా ఉందిరా అది! నువ్వు ఇంజినీరువి. ఆ రోజు చెవులు మాత్రం వెంట తెచ్చుకుని కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?

డాక్టరు గారికి చెప్తే ఆయన నవ్వి, “పోత ఇనుము కదండీ. మేం పంటి తొడుగులు పోత పోస్తాం. పోత పోసేవాడెవడూ లోపలి మూల సూదిగా వదలడు, చల్లారేటప్పుడు అక్కడే పగులుతుంది. డ్రాయింగు గీసినవాడు గీత గీసి వదిలేసి ఉంటాడు,” అన్నారు. మీ విభాగంలో మూడు మెషీన్లు, ఒక క్యాంటీను పెట్టి కనుక్కోలేనిది ఈయన పేపరు మడత పెడుతూ చెప్పేశారు.

తర్వాత ఆయన క్లినిక్కునుంచి అచ్చు తీసే ముద్ద బుట్టలో తెప్పించారు. నేను ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకున్నాను, ఆయన గడప మీదనుంచి వంగి, మూలకి పన్ను అచ్చు తీసినట్టే తీశారు. అలవాటుకొద్దీ “కదలకండి, అయిపోయింది,” అని దానికి ధైర్యం కూడా చెప్పారు. అచ్చు పార్సిల్‌లో ఉంది. దానితో ఉన్న చీటీ ఆయన రాసిందే. ‘దవడ గట్టిగా ఉంది. పుచ్చు లేదు. పీకనవసరం లేదు.’

ఇప్పుడు ఉన్న మూలని లెక్క కట్టు. గీసిన మూలని వదిలెయ్యి.

అక్క

*

బలం లెక్కల విభాగం, లైటు వేసుకుని
కొత్త లెక్క మూడో మెష్

అక్కా!

కుదిరింది! అచ్చు కొలిస్తే మూల గుండ్రం పన్నెండు మిల్లీమీటర్లు. దాన్ని బొమ్మలో పెట్టి, ఆ చోట మాత్రమే సన్న ముక్కలు వేసి చూశాను. మొదట ఎనభై ఎనిమిది. ముక్కలు సగం చేస్తే తొంభై ఏడు. మళ్ళీ సగం చేస్తే తొంభై తొమ్మిదిన్నర. తేడా తొమ్మిది నుంచి రెండున్నరకి పడిపోయింది చూశావా? ఇంకా ఇంకా చేసుకుంటూ పోయినా నూటొకటి దాటదు. నా లెక్కలో మిగిలిన తప్పు ఒక శాతం. నా పిరికితనం కొద్దీ దాన్ని మూడింతలు చేసుకున్నాను. మూడు శాతం. అప్పటికీ నూట నలభైకి చాలా కిందే ఉన్నాం. కళ్ళనీళ్ళు తిరిగాయి అక్కా, సిగ్గు లేకుండా నేనూ రాస్తున్నాను.

సంతకం పెట్టాను. సెలవు చీటీ కాని కాగితం మీద ఇదే మొదటిసారి.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. మా ధ్రువపత్రంలో చివర ఒక గడి ఉంటుంది. ‘ఈ లెక్కలో తప్పు ఎంత?’ అని. నేను ‘మూడు శాతం’ అని రాశాను. పెద్దాయన చూసి ఉలిక్కిపడ్డారు. “ఈ విభాగం పుట్టినప్పటినుంచి ఆ గడిలో ‘లేదు’ తప్ప ఇంకో మాట పడలేదు. తప్పు ఉందని మనమే రాసుకుంటే ముద్ర ఎలా వేస్తానయ్యా? అది కొట్టేసి ‘లేదు’ అని రాయి, ఇప్పుడే వేసేస్తాను,” అన్నారు. తప్పు లేని లెక్క ఉండదు సార్, ఎంత ఉందో తెలియడమే మన పని కదా అన్నాను. ఆయన లేచి గోడ మీది ఫ్రేము ఒకటి సరిచేసి, కాగితం నా వైపే తోసేశారు.

ముద్ర లేకపోతే నోటీసు తియ్యరు.

తమ్ముడు

*

పై గది
నూట రెండో రోజు

‘లేదు’ అని రాసి పారెయ్యరా. నాకు వీధిలో నడవాలని ఉంది. మీ బావకి ఇప్పుడు మెడ అస్సలు వంగడం లేదు, పళ్ళెంలో ఏముందో చూసుకోలేకపోతున్నారు.

అక్క

*

బలం లెక్కల విభాగం
నూట అయిదో రోజు, నీ లెక్క ప్రకారం

అక్కా,

మూడు రోజులు ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను.

‘లేదు’ అని రాస్తే అది అబద్ధం. ఇంకెవరి మెట్లో అయితే ఏం చేసేవాణ్ణో తెలియదు, బహుశా రాసేవాణ్ణేమో. నువ్వు అబద్ధం మీద కాలు పెట్టి దిగడం నావల్ల కాదు. నాకు తెలియనిది మూడు శాతమే. ఆ మూడు ఎటువైపు ఉందో కూడా నాకు తెలియదు. మిగతాదంతా తెలుసు.

నన్ను క్షమించు. ముద్ర లేకుండానే కాగితం దీనితో పంపుతున్నాను, దేనికీ పనికిరాదు, ఊరికే చూడు. పెద్దాయన నా కుర్చీ క్యాంటీనులోకి మార్పించారు.

తమ్ముడు

*

కింద, మొదటి మెట్టు మీద కూర్చుని
నూట తొమ్మిదో రోజు

తమ్ముడూ,

చోటు చూశావుగా. దిగాను.

నీ కాగితం బుట్టలో పైకి రాగానే డాక్టరు గారికి చదివి వినిపించాను. “మూడు శాతమా? నేను మీ పన్ను పీకితే ఇంత గ్యారంటీ ఇవ్వలేను,” అన్నారు. కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. తర్వాత చెప్పులు వేసుకున్నాను. నూట తొమ్మిది రోజుల తర్వాత చెప్పులు వేసుకుంటే కాళ్ళు నావి కానట్టున్నాయి. ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో నీ కాగితం పట్టుకున్నాను. మెట్లు కిర్రుమన్నాయి. నీ తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ దిగాను.

కింద మీ బావ నాకు వీపు పెట్టి కిటికీ వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. బుట్టకి క్యారియర్ కట్టేసి, “ఏమేవ్, లాగు!” అంటున్నారు. వెనకనుంచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. మెడ తిప్పలేరు కాబట్టి ఒళ్ళంతా తిప్పి చూశారు. క్యారియర్ విప్పి నా చేతికి ఇచ్చారు. ఇద్దరం ఏడ్చాం, వీధిలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ పేషెంట్ల మధ్యలో.

డాక్టరు గారు దిగనన్నారు, పైన ప్రాక్టీసు బాగుందట.

నోటీసు అంటించే ఆయన ఇందాక వచ్చి, “రూలు మనిషి మీరే ఇలా చేస్తే ఎలాగమ్మా, ముద్ర లేని కాగితం పట్టుకుని దిగుతారా?” అని నిలదీశాడు. ఆయనకి చెప్పిందే నీకూ రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ లైబ్రరీకి వచ్చిన ధ్రువపత్రాలన్నీ ఫైలు చేసింది నేను. కప్పుకి, కరెంటుకి, నీళ్ళ ట్యాంకుకి, అన్నిటికీ ముద్రలున్నాయి. అన్నిటిలోనూ ఆ గడిలో ‘లేదు’ అనే ఉంది. వర్షం వస్తే కప్పు కారుతూనే ఉంది.

నువ్వు కూడా ‘లేదు’ అని రాసి పంపి ఉంటే, ముద్ర ఉన్నా, నేను దిగేదాన్ని కాదురా.

నీ అక్క